అగ్గువ కిరాయి ఊర్ల సంసారం

ఇంగ్లండ్ల ఉంటున్న అనంగనే మా ఊరోళ్లకు లండన్ ఒక్కటే మతికొస్తది. నేనుండేది లండన్ గాదు. ఆడికెళ్లి ఉత్తరం దిక్కు దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు పోతే టీస్ నది ఒడ్డుకు మిడిల్స్‌బ్రో అని ఒక ఊరుంటది. 2021 జనాభా లెక్కల ప్రకారం 1 లక్షా 44 వేల మంది. మన కరీంనగర్ కంటే చిన్నదే. టీసైడ్ యూనివర్సిటీ ఈడనే ఉంది కాబట్టి మన పిల్లలు మస్తుగ వస్తరు. నేను గూడ 2021ల చదువుకోనీకె వచ్చినోన్నే. చదువైపోయినంక పక్క ఊరు స్టాక్టన్‌ల ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీల డ్రాయింగ్‌లు గీసే పని దొరికింది. నా భార్య ముసలోళ్లను సూసుకునే కేర్ హోమ్‌ల చేస్తది. బిడ్డ ఈడి సర్కారు బడికి పోతది, కొడుకు మూడేండ్లోడు.

నెలకు ఇద్దరు ముగ్గురన్న మెసేజ్ పెడతరు. "అన్నా, మిడిల్స్‌బ్రోల కిరాయిలు బాగ అగ్గువనట గదా, నిజమేనా?" అని. నిజమే. మూడు బెడ్రూముల ఇంటికి నేను నెలకు 650 పౌండ్లు కడుతున్న. లండన్‌ల గిసొంటి ఇల్లు 2,000కు తక్కువ దొరకది. కొనేటందుకైతే ఈడ వరుస ఇండ్లు లక్ష పౌండ్ల లోపు గూడ ఉన్నయి, లండన్‌ల ఆ పైసలకు కార్ పార్కింగ్ జాగ దొరికితే గొప్ప. అయితే ఒక ఊరు ఊరికెనే అగ్గువ గాదు. ఆ అగ్గువ ఎన్కాల ఒక కథ ఉంటది. అది తెల్సుకోని వస్తే ఈడ సంసారం మంచిగనే నడుస్తది. తెల్వకుంట వస్తే తిప్పలే.

1801ల ఈ ఊర్ల ఉన్నది 25 మంది. ఒక వ్యవసాయ క్షేత్రం, నాలుగు గుడిసెలు, అంతే. 1825ల స్టాక్టన్, డార్లింగ్టన్ నడుమ రైలు నడిచింది. లోపటి బొగ్గు బావుల నుంచి బొగ్గు తెచ్చి ఓడలకెత్తాలె, దానికి నది లోతున్న జాగ కావాలె. జోసెఫ్ పీస్ అనే వ్యాపారి తన భాగస్వాములతోని కలిసి ఈ పొలం కొన్నడు. 1830ల రైలు పట్టా ఈడిదాక వచ్చింది. 1850ల పక్కనున్న ఎస్టన్ గుట్టల్ల ఇనుప ఖనిజం దొరికింది. ఇగ అప్పటి నుంచి చూడు, బట్టీల మీద బట్టీలు. ఐర్లండ్ నుంచి, వేల్స్ నుంచి, ఇంగ్లండ్ల పల్లెల నుంచి జనం మూటముల్లె సదురుకోని వచ్చిన్రు. 1901 వచ్చేసరికి జనం 90 వేలు దాటింది. నూరేండ్లల్ల 25 మంది నుంచి 90 వేలు! బొగ్గు బావులు పడ్డంక మా గోదావరిఖని దిక్కు జనం ఎట్లచ్చి పడ్డరో గట్లనే. నేను ఈ చరిత్ర మొదటిసారి విన్నప్పుడు, ఇది మనకు తెలిసిన ఊరేరా అనిపించింది.

ఆస్ట్రేలియాల సిడ్నీ హార్బర్ బ్రిడ్జి ఫొటో ప్రతి ఒక్కరు చూసే ఉంటరు. 1932ల తెరిచిన్రు దాన్ని. దాన్ని కట్టింది ఈ ఊరి డార్మన్ లాంగ్ కంపెనీ, అందుల ఎక్కువ ఉక్కు ఈడికెళ్లి ఓడలల్ల పోయిందే. న్యూకాజిల్‌ల టైన్ బ్రిడ్జి గూడ వీళ్లదే. ఈ పనోళ్లు ఉండేటందుకు కట్టినయే ఇయ్యాల మనం కిరాయికుండే వరుస ఇండ్లు. ఇంటికి ఇంటికి నడుమ సందు ఉండది, గోడ ఒక్కటే. కింద రెండు రూములు, మీద రెండు మూడు రూములు, ఎన్కాల చిన్న వాకిలి, దాని ఎన్కాల సన్నటి గల్లీ. ఫ్యాక్టరీ సైరన్ కూస్తే నడుచుకుంట పనికి పోవాలని దగ్గర దగ్గర కట్టిన్రు. అంటే ఇవి అప్పటి కూలోళ్ల ఇండ్లు. ఈ ముచ్చట మతిల పెట్టుకోవాలె, తర్వాత చలి గురించి చెప్పేటప్పుడు పనికొస్తది.

తర్వాత ఏమైంది? ఒక్కొక్క బట్టీ ఆరిపోయింది. ఆఖరుకు మిగిలింది పది మైళ్ల లోపట ఉన్న రెడ్‌కార్ ఉక్కు ఫ్యాక్టరీ. ఇండ్ల మనోళ్ల పాత్ర గూడ ఉంది. 2007ల కోరస్ కంపెనీని టాటా వాళ్లు కొన్నరు, ఆ లెక్కన రెడ్‌కార్ గూడ టాటా చేతికొచ్చింది. 2010 ఫిబ్రవరిల అక్కడ పని ఆపిన్రు. 2011ల థాయ్‌లాండ్ కంపెనీ ఒకటి కొని మళ్ల బట్టీ ముట్టించింది గని, 2015ల అది గూడ మూతపడ్డది. 2 వేల మందికి పైన ఉద్యోగాలు పోయినయి. 2022 నవంబర్‌ల ఆ పెద్ద బట్టీని బాంబులు పెట్టి కూలగొట్టిన్రు. మా పక్కింటి ముసలాయన ముప్పై ఏండ్లు ఆడ చేసిండు. ఆ కూలగొట్టిన వీడియో ఆయన ఇప్పటిదాక చూడలేదు. టీవీల వస్తే లేచి చాయ్ పెట్టుకోనీకె పోయిండట.

పని పోతే జనం పోతరు. జనం పోతే ఇండ్లు ఖాళీ అయితయి. ఖాళీ ఇండ్లను ఎక్కడెక్కడోళ్లో అగ్గువకు కొని కిరాయికిస్తరు. ఊరు నడిబొడ్డున గ్రెషమ్ అనే దిక్కు కౌన్సిలోళ్లు పాతిండ్లు కూలగొట్టి కొత్తయి కడ్తమని వరుసలకు వరుసలు ఖాళీ చేయించిన్రు, ఏండ్ల తరబడి ఆడ కిటికీలకు రేకులు కొట్టి ఉండె. దేశంల ఆశ్రయం అడుక్కున్న శరణార్థులను గూడ ఇండ్లు అగ్గువ ఉన్నయని ఇసొంటి ఊర్లకే ఎక్కువ పంపిన్రు. వాళ్లుండే ఇండ్లకు చానా మటుకు ఎర్ర రంగు తలుపులే ఉన్నయని, అది చూసి పోకిరోళ్లు గుర్తుపట్టి గుడ్లు విసురుతున్నరని 2016 జనవరిల పేపర్లల్ల వచ్చింది. తర్వాత రంగులు మార్చిన్రు. ఇంగ్లండ్ల బీద ఊర్ల లెక్క ఎప్పుడు తీసినా మిడిల్స్‌బ్రో ముందటి వరుసలనే ఉంటది. మనకు 650 పౌండ్లకు ఇల్లెందుకు దొరికిందనేదానికి జవాబు ఇది. వాళ్ల నష్టమే మన అగ్గువ. నాకైతే ఈ మాట అనుకున్నప్పుడల్ల జర ఇబ్బందిగనే ఉంటది.

ఇప్పుడు మా దిక్కు ముచ్చట. ఊర్ల గూడ అన్ని గల్లీలు ఒక్క తీరుగ లేవు. మేముండేది లింథోర్ప్ దిక్కు, ఆల్బర్ట్ పార్కుకు నడిచిపోయే దూరంల. యూనివర్సిటీకి ఆనుకోని ఉన్న సందులల్ల పిల్లలే ఎక్కువ, ఏడాదికోసారి మారుతరు. ఇటు దిక్కు సంసారాలు ఎక్కువ. పొద్దుగాల ఎనిమిదిన్నరకు గల్లీల నిలబడితే తెలుస్తది: పిల్లలను ఎంబటేసుకోని బడికి పోయేటోళ్లు వరుసగ కనవడతరు. తెల్లోళ్లు, పాకిస్తానోళ్లు, మలయాళీ నర్సులు, నైజీరియా వాళ్లు, రొమేనియా వాళ్లు, సిరియా నుంచొచ్చినోళ్లు. నేను ఇల్లు చూసేటప్పుడు పొద్దుగాల తొమ్మిదికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి ఆ గల్లీల నడిచిన. పిల్లగాండ్ల సైకిళ్లు బయట కనవడుతున్నయా, కర్టెన్లు సక్కగున్నయా, రేకులు కొట్టిన కిటికీలు ఎన్ని ఉన్నయి, చెత్త డబ్బాలు లోపట పెట్టుకున్నరా గల్లీల పారేసిన్రా, గివి చూస్తే సగం అర్థమైతది. పోలీసుల వెబ్‌సైట్‌ల ఏ గల్లీల ఏ నెల ఏం నేరాలైనయో మ్యాప్ గూడ పెడతరు. అది చూడకుంట ఎవ్వడు ఇల్లు మాట్లాడొద్దు. అగ్గువల అగ్గువ 400 పౌండ్లకు ఇల్లు కనవడ్డదంటే ముందుగాల ఆ మ్యాప్ తెరువుర్రి.

ఎన్కాల గల్లీకి రెండు దిక్కుల ఇనుప గేట్లు పెట్టిన్రు, ఆ గల్లీల ఉండేటోళ్ల దగ్గర్నే తాళంచెవి ఉంటది. దొంగతనాలు ఎక్కువైతే పెట్టినయట. గేట్లు పడ్డంక ఆ గల్లీ పిల్లలు ఆడుకునే జాగ అయ్యింది. ఎండాకాలం రాత్రి తొమ్మిదిన్నరదాక వెలుతురుంటది, అప్పటిదాక లోపటికి రమ్మన్నా రారు. పక్కింటాయన కుండీలల్ల టమాటలు పెడతడు, నా భార్య పుదీన, కొత్తిమీర పెట్టింది. గోంగూర గూడ ఒకసారి పెట్టి చూసింది, ఈడి చలికి మొలక మీదికే రాలేదు. చలికాలం ఇంకో కథ. డిసెంబర్‌ల మధ్యాహ్నం నాలుగు గాకముందే చీకటి. మొదటి ఏడాది ఆ చీకటికి మనసు పాడైతది. ఇది ఎవ్వరు ముందుగాల చెప్పరు, నేను చెప్తున్న.

ఈడి మనుషుల మాట గురించి గూడ చెప్పాలె. ఎదురైతే "హలో" అనరు, "నౌ దెన్" అంటరు. అంటే ఏం లేదు, బాగున్నవా అని. అమ్మను "మమ్" అనరు, "మామ్" అంటరు. నా భార్యను దుకాణం ఆమె "పెట్" అంటది, మన దిక్కు "బిడ్డా" అన్నట్టు. ఇంగ్లిష్ పరీక్షలల్ల మంచి మార్కులు తెచ్చుకోని వచ్చినోళ్లకు గూడ మొదటి నెల వీళ్ల మాట సమజ్ గాదు. టీవీలల్ల, లండన్‌ల వీళ్ల యాసను చూసి నవ్వేటోళ్లున్నరు. ఆ ముచ్చట పక్కింటాయన కోపంగ చెప్పినప్పుడు నేను మన సినిమాలల్ల మన యాసను ఎన్నేండ్లు ఎవరికి పెట్టిన్రో చెప్పిన. రౌడీకి, పనోనికి, నవ్వించేటోనికి. ఆయనకు మస్తు సమజైంది.

ఇగ పైసల లెక్క. నెలకు కిరాయి 650. కౌన్సిల్ టాక్స్ 160 దాక, ఏడాదిల పది నెలలు కడుత. ఇది మన ఇంటి పన్ను లెక్కనే గని కిరాయికున్నోడే కట్టాలె. ఇంటిని ఏ నుంచి హెచ్ దాక తరగతులు చేసిన్రు, అది గూడ 1991ల ఆ ఇల్లు ఎంత పలికేదో ఆ ధర మీద. ఇంట్ల ఉన్నోళ్లందరు ఫుల్ టైమ్ స్టూడెంట్లైతే ఈ పన్ను లేదు, గని కాయితం తెచ్చి చూపెట్టాలె. చదువైపోయినంక ఆ మినహాయింపు పోతది, చానా మంది పిల్లలకు అప్పుడు బిల్లొచ్చి గుండె గుబేలుమంటది. కరెంటు, గ్యాస్ కలిపి ఎండాకాలం 90, చలికాలం 180. నీళ్లకు 40, ఇంటర్నెట్‌కు 28. తిండికి 400 దాక. బియ్యం పది కిలోల సంచి, పప్పులు, కారం, చింతపండు అన్నీ లింథోర్ప్ రోడ్ మీద దేశీ దుకాణాలల్ల దొరుకుతయి. పాత కారు ఒకటి ఉంది, ఇన్సూరెన్సు, పెట్రోలు కలిపి 200. అన్నీ కూడితే చలికాలం నెలకు 1,650 పౌండ్లు దాటుతది. ఇద్దరం పనిచేస్తె ఎల్లుతది, కొంచెం ఎనకేస్తం. ఒక్కని జీతం మీదైతే చేతులల్ల ఏం మిగలది. లండన్‌ల అయితే ఇద్దరం చేసినా కిరాయికే సగానికి పైన పోతుండె.

ఈ లెక్కల రాని ఖర్చు ఒకటుంది. వీసాకు అర్జీ పెట్టేటప్పుడే ఆరోగ్యం పైసలని ముందుగాల్నే కట్టించుకుంటరు. పెద్దోళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు, స్టూడెంట్లకు 776. మా నలుగురికి ఏడాదికి 3,622. మూడేండ్ల వీసా అయితే 10,866 పౌండ్లు ఒక్కసారే! వీసా ఫీజు దానికి వేరె. జీతంల పన్ను కోస్తరు, మళ్ల ఇది గూడ. "ఆడ దవాఖాన ఫ్రీ అట గదా" అనేటోళ్లకు ఈ అంకె చెప్పుర్రి. అది కట్టినంక మాత్రం దవాఖానల చేతుల పైసలు అడుగరు, ఆ మాట నిజం. కొడుకు ఈడి జేమ్స్ కుక్ దవాఖానల్నే పుట్టిండు. ఒక్క బిల్లు రాలేదు. కాన్పు తర్వాత నర్సు ఇంటికొచ్చి పిల్లగాన్ని తూకమేసి, తల్లి మనసు ఎట్లుందో గూడ అడిగి పోయింది. ఈడ పుట్టిండు గాబట్టి వాడు బ్రిటిష్ పౌరుడైతడని మా ఊర్ల అందరు అనుకుంటున్నరు. గాడు. 1983 నుంచి తల్లిదండ్రులల్ల ఒక్కలన్న పౌరులో, శాశ్వత నివాసం ఉన్నోళ్లో అయితేనే పుట్టుకతోని పౌరసత్వం. వానిది ఇండియా పాస్‌పోర్టే.

ఇల్లు కిరాయికి తీసుకునే పద్ధతి తెల్సుకోవాలె, మన పిల్లలు ఎక్కువ మోసపోయేది ఈడనే. అడ్వాన్సు ఐదు వారాల కిరాయికి మించి తీసుకోవద్దని 2019 చట్టం. ఇల్లు మనకోసం పట్టి పెట్టేటందుకు అడిగే పైసలు ఒక్క వారం కిరాయికి మించొద్దు. అడ్వాన్సు తీసుకున్న 30 రోజులల్ల సర్కారు ఒప్పుకున్న స్కీముల జమచేసి ఆ కాయితం మనకియ్యాలె. జమచెయ్యకుంటే కోర్టుకు పోతే అడ్వాన్సుకు మూడు రెట్లదాక ఇప్పియ్యొచ్చు. మా దోస్తు ఒకడు ఇల్లు ఖాళీ చేస్తె ఏజెన్సీ వాళ్లు "గోడలు మురికైనయి" అని సగం అడ్వాన్సు పట్టుకున్నరు. ఇంట్ల దిగిన రోజు తీసిన ఫొటోలు వాని ఫోన్‌ల ఉండె, తారీఖుతో సహా. స్కీమోళ్లకు అవి పంపినంక మొత్తం వాపస్ వచ్చింది. దిగిన రోజే ప్రతి గోడ, ప్రతి మూల, కార్పెట్ మీది మరకలు ఫొటో తీసుర్రి. పది నిమిషాల పని.

గ్యారంటీ ఇచ్చేటోడు ఈ దేశంల లేడని మన పిల్లల దగ్గర ఆరు నెలల కిరాయి ముందుగాల్నే గుంజేటోళ్లు. ఊర్ల బాపు అప్పు తెచ్చి పంపిన పైసలు దిగిన వారంల్నే ఖతం. 2025 అక్టోబర్‌ల వచ్చిన కొత్త కిరాయిదార్ల చట్టం ఒక్క నెల కిరాయికి మించి ముందుగాల తీసుకోవద్దంటది. కారణం చెప్పకుంట ఇల్లు ఖాళీ చేయించుడు గూడ బంద్. దీని అమలు తేదీ 2026 మే 1. ఇంకోటి, మూడు బెడ్రూముల ఇంట్ల ఎనిమిది మంది పండేది మనోళ్లల్ల మామూలైంది. వేర్వేరు ఇండ్ల నుంచొచ్చిన ఐదుగురు, అంతకు ఎక్కువ మంది ఒక్క ఇంట్ల ఉంటే ఆ ఇంటికి కౌన్సిల్ లైసెన్సు ఉండాలె. లేకుంటే తప్పు ఓనర్‌ది. గని ఆ ఇల్లు బందైతే సామాను పట్టుకోని బయట నిలబడేది మన పిల్లలే గదా.

తేమ ముచ్చట. కూలోళ్ల కోసం కట్టిన నూరేండ్ల పాత ఇండ్లని ముందుగాల చెప్పిన. చానా ఇండ్లకు గోడ గట్టి ఇటుకదే, వేడిని ఆపే సందు లోపట ఉండది. చలికాలం గోడ మంచుగడ్డ లెక్క ఉంటది. మనం ఏం చేస్తం? అన్నం వండుతం, సాంబారు కాగబెడుతం, బయట వానని బట్టలు ఇంట్లనే ఆరేస్తం, గ్యాసు బిల్లెక్కువైతదని హీటర్ బంద్ పెడతం, కిటికీ తెరిస్తే చలని మూస్తం. ఆ ఆవిరంత పోయి సల్లటి గోడకంటుకోని నీళ్లైతది, వారం పది రోజులకు నల్లటి బూజు. మా బిడ్డకు మొదటి చలికాలం రెండు నెలలు దగ్గు తగ్గలేదు. మంచం బయటి గోడకు ఆనుకోని ఉండె. లోపటి గోడ దిక్కు జరిపినం, వండేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరుచుడు అలవాటు చేసుకున్నం, తేమ గుంజే మిషిన్ ఒకటి కొన్నం. దినాం గిలాసెడు నీళ్లు గుంజుతది, చూస్తే నమ్మరు. దగ్గు తగ్గింది గని బూజు ఇంకో మూలకు వచ్చింది. అప్పుడు చూస్తే మీద వాన నీళ్ల తూము పగిలి గోడలకు దిగుతున్నది. అది మన వంటతోని వచ్చింది గాదు గదా.

ఈ తేడా ఎందుకు చెప్తున్ననంటే, బూజు అంటే ఓనర్లు ముందుగాల అనే మాట "మీరు వండుకునే తీరు గట్లుంటది" అని. మాంచెస్టర్ పక్కన రోచ్‌డేల్ అనే ఊర్ల అవాబ్ ఇషాక్ అనే రెండేండ్ల పిల్లగాడు 2020 డిసెంబర్‌ల చనిపోయిండు. సూడాన్ నుంచొచ్చిన కుటుంబం. ఫ్లాట్‌ల బూజు గురించి తండ్రి ఎన్నోసార్లు చెప్పిండు, ఇంటి సంస్థ వాళ్లు మీ బతికే తీరే కారణమన్నట్టు మాట్లాడిన్రు. ఆ బూజుతోనే పానం పోయిందని 2022 నవంబర్‌ల విచారణ అధికారి తేల్చింది. ఆ పిల్లగాని పేరు మీదనే చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి సర్కారు తీరు సంస్థల ఇండ్లల్ల బూజు ఫిర్యాదుకు గడువుల లోపట పనిచెయ్యాలె. ప్రైవేటు కిరాయి ఇండ్లకు గూడ దాన్ని తెచ్చే దారి 2025 చట్టంల పెట్టిన్రు. మా ఓనర్‌కు నేను నోటితో చెప్పలేదు, ఫొటోలతో ఈమెయిల్ పెట్టిన, ఒక కాపీ దాచిన. మూడు వారాలు గమ్మునుండిన్రు. కౌన్సిల్ ఇండ్ల విభాగానికి గూడ పంపుతనని రెండో మెయిల్ పెట్టినంక నాలుగో రోజు తూము బాగుచేసే మనిషి వచ్చిండు.

ఇంత తిప్పలున్నా ఈ దిక్కే ఎందుకున్నం? పిల్లల కోసమే. నాలుగేండ్లు నిండిన పిల్లలకు సెప్టెంబర్‌ల బడి మొదలైతది. దానికి అంతకుముందటి జనవరి 15 లోపట అర్జీ పెట్టాలె, ఏప్రిల్ 16న ఏ బడిల సీటొచ్చిందో చెప్తరు. ఫీజు లేదు, డొనేషన్ లేదు. సీట్లు తక్కువుంటే ఇల్లు ఎంత దగ్గరుంటే అంత మంచిది, అందుకే సంసారమున్నోళ్లు ముందుగాల బడి చూసుకోని తర్వాత ఇల్లు చూసుకుంటరు. రెండో తరగతిదాక మధ్యాహ్నం భోజనం పిల్లలందరికి ఫ్రీ, వీసా ఏదున్నా సరే. మూడేండ్లు నిండిన పిల్లలకు వారానికి 15 గంటల నర్సరీ గూడ అందరికి ఉంది. పనిచేసే తల్లిదండ్రులకు 30 గంటలని పెద్దగ ప్రచారం చేస్తరు, అది మాసొంటి వీసా మీదున్నోళ్లకు రాదు. మా ఇద్దరి కాయితాల మీద ప్రభుత్వ పైసలు ముట్టొద్దని రాసుంటది. పిల్లల భత్యం లేదు, కిరాయి సాయం లేదు. పని పోతే సేతులెత్తేయాల్సిందే.

ఆల్బర్ట్ పార్కు గురించి నాలుగు మాటలన్న చెప్పకుంటే మా బిడ్డ ఊకోదు. ఇనుప బట్టీలు పెట్టి పైసలు సంపాయించిన హెన్రీ బోల్కోవ్, ఈ ఊరి మొదటి మేయర్, ఆ జాగ ఊరికిచ్చిండు. 1868ల తెరిచిన్రు. పొగల పనిచేసేటోళ్లకు గాలి కావాలని. చెరువుంది, బాతులున్నయి, పెద్ద పెద్ద చెట్లున్నయి. పక్కనే డార్మన్ మ్యూజియం. ఆదివారం చేతుల పైస లేకున్నా పొద్దంత గడుస్తది. రైలెక్కితే అర్ధగంటల సాల్ట్‌బర్న్ సముద్రం ఒడ్డు. ఇంకో దిక్కు రోజ్‌బెరీ టాపింగ్ అని ముక్కు తీరు గుట్ట, 320 మీటర్లు, మా బిడ్డ ఐదేండ్లప్పుడు సొంతంగ ఎక్కింది.

2024 ఆగస్టు ముచ్చట చెప్పకుంట ఈ ఊరు మంచిదని రాస్తే అది మోసం. జులై 29న సౌత్‌పోర్ట్ అనే ఊర్ల ముగ్గురు చిన్న ఆడపిల్లలను ఒకడు కత్తితోని పొడిచి చంపిండు. వాడు పడవల వచ్చిన శరణార్థి అని సోషల్ మీడియాల అబద్ధం పాకింది. వాడు ఈ దేశంల పుట్టినోడే. గని నిజం చెప్పు తొడుక్కునేలోపట అబద్ధం ఊరు తిరిగొస్తది గదా. ఆగస్టు 4, ఆదివారం, మిడిల్స్‌బ్రోల వందల మంది రోడ్ల మీదికొచ్చిన్రు. ఇండ్ల కిటికీలు పలగ్గొట్టిన్రు, కార్లు తగలబెట్టిన్రు. కార్లు ఆపి, లోపట ఉన్నోళ్లు తెల్లోళ్లేనా అని అడుగుతున్న వీడియోలు దేశమంత చూసింది. నా భార్య డ్యూటీల ఉండె. పక్కింటాయన ఫోన్ చేసి, లింథోర్ప్ రోడ్ మీదికెళ్లి రావొద్దు, ఏ దారిల రావాలెనో చెప్పిండు. కేర్ హోమ్ మేనేజరమ్మ రాత్రి దాక ఆపి తన కార్ల తెచ్చి ఇంటికాడ దింపింది. మేము లైట్లు బంద్ చేసుకోని మీది రూముల కూసున్నం. బిడ్డ "టపాసులు కాలుస్తున్నరా?" అని అడిగింది.

తెల్లారి పొద్దుగాల జనం పొరకలు, సంచులు పట్టుకోని రోడ్ల మీదికొచ్చిన్రు. వందల మంది. గాజు పెంకలు ఊడ్చిన్రు. నేను గూడ పోయిన. నా పక్కన ఊడుస్తున్నామె తెల్ల ముసలామె, ఒక్క మాట మాట్లాడలేదు, ఊడ్చుడే ఊడ్చుడు. రాత్రి పలగ్గొట్టినోళ్లు ఈ ఊరోళ్లే, పొద్దుగాల ఊడ్చినోళ్లు ఈ ఊరోళ్లే. రెండూ నిజమే. ఆ వారం మనోళ్ల వాట్సాప్ గ్రూపులల్ల సగం మంది ఊరు మారుతమన్నరు. ముగ్గురు నలుగురు నిజంగనే పోయిన్రు. నా భార్య నెల రోజులు చీకటి పడ్డంక బయటికి నడవలేదు. ఇప్పటికీ గుంపు కనవడితే ఆమె బిడ్డ చెయ్యి గట్టిగ పట్టుకుంటది.

వచ్చేటందుకు ఇప్పుడు దారి గూడ సన్నమైంది. 2024 జనవరి నుంచి మామూలు పీజీ చదివేటోళ్లు భార్యాపిల్లలను తెచ్చుకోవద్దన్నరు. మేమొచ్చిన దారి మా ఎన్కాల్నే మూసిన్రు. కేర్ వీసా మీద బయటి దేశం నుంచి కొత్తగ తీసుకునుడు 2025 జులై 22 నుంచి బంద్. అదే తారీఖు నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలు జీతం గీత ఏడాదికి 41,700 పౌండ్లు. ఉత్తరం ఊర్లల్ల కిరాయిలు అగ్గువ ఉన్నట్టే జీతాలు గూడ తక్కువే, గని వీసా గీత మాత్రం లండన్‌కు, మాకు ఒక్కటే! కొత్తగ చదువై బయటికొచ్చిన పిల్లకో పిల్లగానికో ఈ ఊర్ల అంత జీతమిచ్చే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊర్ల "కేర్ వీసా ఇప్పిస్తం, పదిహేను లక్షలు" అని ఇప్పటికీ తిరిగే ఏజెంట్లున్నరని వింటున్న. వాళ్లకు ఈ జులై 22 తారీఖు చూపెట్టుర్రి.

మా ఓనర్ ఈ ఇల్లు అమ్ముతడట. మొన్న మాటల మాటగ 95 వేల పౌండ్లకు మీరే తీసుకోరాదుర్రి అన్నడు. శాశ్వత నివాసం ఐదేండ్లకొస్తదనుకున్నం, దాన్ని పదేండ్లు చెయ్యాలని సర్కారు 2025ల ప్రతిపాదన పెట్టింది. పదేండ్ల వీసా ఖర్చులు ఒక దిక్కు, ఇంటి లోను ఇంకో దిక్కు. నా భార్య కొందామంటది. బడి దగ్గర, పార్కు దగ్గర, పక్కింటాయన లెక్క మనుషులు ఇంకోచోట దొరకరంటది. ఆగస్టు రాత్రి భయపడ్డది ఆమెనే, ఉందామంటున్నది ఆమెనే. మా బాపేమో ఆ పైసలతోని ఊర్ల రెండెకరాలొస్తయని రోజు ఫోన్‌ల గుర్తుచేస్తడు. ఓనర్ మార్చి దాక టైమిచ్చిండు. పక్కింటాయనను అడిగితే, ముందుగాల పైకప్పు పెంకలు చూపియ్యి, ఎన్కాల దిక్కు మూడు పగిలి ఉన్నయి, వాటికి రెండు వేలు తగ్గించమను అన్నడు.